తోకచుక్కకు రెండో సాక్షి

తిప్పేస్వామి సారుకు ఒక అలవాటు ఉండేది. మబ్బు పట్టిన రోజున అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు చెప్పేవారు కాదు. "మబ్బు విడవనీ" అని ఊరుకునేవారు. ప్రశ్న చుక్కల గురించైతే ఆ మాటకు అర్థముంది. కానీ కూతురి పెళ్లి గురించి అడిగినా, మోకాళ్ల నొప్పి గురించి అడిగినా అదే మాట. గుత్తిలో వానలు తక్కువ కాబట్టి సరిపోయింది గానీ, ఆయన ఏ కోనసీమలోనో పుట్టి ఉంటే శిష్యులందరూ సందేహాలతోనే ముసలివాళ్లయ్యేవారు.

సారు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పబోయి, చూడడం రానివాడికి వేయడం ఎట్లా వస్తుందని, ముందు చూడడం నేర్పడం మొదలుపెట్టారట. అట్లా ఒక టెలిస్కోపు వచ్చింది, దాని చుట్టూ ఒక సంఘం వచ్చింది. ఊళ్లో అందరూ దాన్ని చుక్కల సంఘం అనేవారు. అమావాస్యకు అటూ ఇటూ ఉండే సాయంత్రాల్లో ఊరి బయట రాతినేల మీద చేరేవాళ్లం. ఊరి దీపాలను చాలావరకు కోట కొండ దాచేసేది. రైల్వే యార్డులోని ఎత్తు స్తంభాల దీపాలు మాత్రం తూర్పు పక్కన మిగిలిపోయాయి. వాటికి వీపు పెట్టి కూర్చుంటే మిగతా ఆకాశమంతా మాదే.

సంఘానికి పేరు సారుదైతే చాకిరీ ఓబుళేసుది. బజారులో స్టీలు సామాన్ల అంగడి నడిపే ఓబుళేసు చుక్కల పిచ్చిలో పడి, అంగడిని తమ్ముడికి వదిలేసి వచ్చేవాడు. ముళ్లు ఊడ్చేది అతనే, చాపలు పరిచేది అతనే, హెడ్మాస్టర్లను బతిమాలి పిల్లలను పిలిపించేది అతనే. "చంద్రుని మీద జెండా కనపడతాదా?" అని అడిగిన వాళ్లకూ, "నా జాతకంలో శని ఎప్పుడు దిగుతాడు, ఈ గొట్టంలో చూసి చెప్పప్పా" అన్న వాళ్లకూ ఓపికగా సమాధానం చెప్పేదీ అతనే. వచ్చిన పిల్లలను వరసగా కూర్చోబెట్టి మొదటి పాఠం చెప్పేవాడు. "నాయనా, కన్ను చీకటికి అలవాటు పడేదానికి అరగంట పడతాది. చెడేదానికి ఒక్క చూపు చాలు. స్టేషను పక్క ఎవురూ తిరిగి చూడొద్దండి." ఆ పాఠం గుత్తిలో రెండు తరాల పిల్లలకు కంఠతా వచ్చు.

అట్లాంటి ఓబుళేసు ఒక సాయంత్రం, ఆకాశం నిండా మబ్బు ఉండగా, సారు ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకుని అడిగాడు.

"సార్, నాకు తెలిసినోడు ఒకడుండాడు. మంచోడే. వానికి ఇంకొకరి పేరు వింటే కడుపులో మంట. ఆ మంట పోవల్లంటే ఏం చేయల్ల సార్?"

సారు ఆ తెలిసినవాడు ఎవరని అడగలేదు. పైకి చూసి, "మబ్బు విడవనీ" అన్నారు.

ఆ ఇంకొకరు ఎవరో మా అందరికీ తెలుసు. పశువుల ఆసుపత్రికి బదిలీ మీద వచ్చిన డాక్టరు హిమజ. వచ్చి ఏడాదైనా కాలేదు. మొదట బైనాక్యులర్సు పట్టుకుని ఒక మూల నిలబడేది. తర్వాత సొంత టెలిస్కోపు తెచ్చుకుంది. ఆమెకు చూపు ఒక వరం. మేము పటం దగ్గర పెట్టుకుని తడుముకునే మసక చుక్కలను ఆమె పెరట్లో కరివేపాకు కోసినట్టు కోసుకొచ్చేది. పైగా నవ్వుతూ చెప్పేది. శని ఉంగరం చూడడానికి పిల్లలు ఓబుళేసు దగ్గర వరస కట్టినట్టే కట్టి, కాసేపటికి ఒక్కొక్కరూ జారుకుని ఆమె దగ్గర తేలేవాళ్లు.

ఓబుళేసు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. "డాక్టరమ్మ చానా తెలివైంది, గొడ్ల డాక్టరే అయినా" అని మెచ్చుకునేవాడు. ఆమె అద్దానికి మంచు పడితే తుడిచే గుడ్డ తానే తీసుకుపోయేవాడు, కాకపోతే నడక నిదానంగా ఉండేది. ఆకాశంలో ఒక చిన్న మబ్బు తునక కనిపిస్తే అది సరిగ్గా ఆమె చూసే వైపే పోవాలని లోపల మొక్కుకునేవాడు. ఈ మాటలన్నీ నాకు తర్వాత అతనే చెప్పాడు. అసూయపడే మనిషిని చూసి లోకం నవ్వుతుంది గానీ, వాడు పడే శ్రమ ఎవరికీ కనిపించదు. అన్ని పనుల మధ్యా ఒక కన్ను ఎప్పుడూ అవతలి మనిషి మీద కాపలా పెట్టాలి. అంగడి నడపడం అంతకన్నా సులువు.

మహాలయ అమావాస్య వెళ్లిన మర్నాడు ఆకాశం అద్దంలా విడిచింది. ఆ రోజుల్లో ఒక తోకచుక్క పడమర దిక్కున, సూర్యుడు దిగిన వెనకాలే దిగుతూ ఉందని పత్రికలో వచ్చింది. మన చిన్న టెలిస్కోపులకు అది అందడం కష్టమని కూడా రాశారు. పొద్దు గుంకి చీకటి చిక్కబడుతుండగా హిమజ లేచి నేరుగా సారు దగ్గరికి వచ్చింది. చెవిలో ఏదో చెప్పింది. సారు ముఖం వెలిగింది.

ఇక్కడ మా సంఘం కట్టుబాట్లు రెండు చెప్పాలి. కొత్తది ఏదైనా ఒకరికి కనిపిస్తే దాన్ని ఊరికి చాటకూడదు. ఇంకొకరు, ఇంకో టెలిస్కోపులో, అది సరిగ్గా ఎక్కడుందో తెలియకుండా వెతికి పట్టుకుని, చోటు చెప్పాలి. రెండు మాటలూ ఒకటైతేనే అది నిజం. ఇది మొదటిది. రెండోది, ఊరికి చూపించే రోజున టెలిస్కోపు పక్కన నిలబడేది మొదట చూసినవారే. మైకులో చెప్పేదీ, పెద్దలకు చేయిపట్టి చూపించేదీ వారే. ఇన్నేళ్లుగా ఆ చోటు ఓబుళేసుది. అతని భార్య ఆ రోజుకని ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఒకటి విడిగా పెట్టేది.

ఇప్పుడు రెండో టెలిస్కోపు ఉన్నది ఓబుళేసు చేతిలోనే. సారు కళ్లలో శుక్లాలు దిగి, మసక వస్తువులు ఆయనకు అందడం మానేశాయి. మిగతా మా చూపు అంత మసకకు ఆనదు. రెండో సాక్షిగా నిలబడగలిగింది ఒక్క ఓబుళేసు. ఆ సాయంత్రమే తేలిపోవాలి. తేలితే మర్నాడు పొద్దున్నే ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటి, సాయంత్రానికి జనాన్ని పిలవాలి. ఆ తర్వాత వెన్నెల పెరిగి తోకచుక్కను మింగేస్తుంది.

"ఓబుళేసూ, వృశ్చికం కొండి చుట్టుపక్కల ఒకసారి చూడప్పా" అన్నారు సారు.

ఎందుకు చూడమన్నారో అతనికి అర్థమైంది. పడమటి అంచున తన టెలిస్కోపు దగ్గర వంగాడు. హిమజ టెలిస్కోపు అతనికి తూర్పున, కాస్త మెరక మీద ఉంది. సంగతి గుప్పుమని పాకి జనం ఆమె చుట్టూ చేరారు. ఎవరో బొరుగులు, బజ్జీలు పంచుతున్నారు. ఆమె నవ్వు వినిపించింది. ఓబుళేసు కన్ను టెలిస్కోపుకు ఆనించాడు, మళ్లీ తల తిప్పి ఆ వైపు చూశాడు. ఎవరెవరు పోయారో చూసుకున్నాడు. మళ్లీ వంగాడు, మళ్లీ తిరిగాడు. ఎప్పుడూ తన పక్కనే కూర్చునే సుంకన్న కూడా అక్కడే ఉన్నాడని తెలిసి కడుపు భగ్గుమంది. ఆమె వెనకే యార్డు దీపాలు వరసగా వెలుగుతున్నాయి. అదే పని ఇంకెవరైనా చేస్తే ఓబుళేసు రెక్క పట్టుకుని కూర్చోబెట్టేవాడు. చేస్తున్నది తానే కాబట్టి అతనికి తెలియలేదు.

"ఏం లేదు సార్ ఆడ" అన్నాడు నడుము నిటారు చేసి. అవసరమైన దానికన్నా గట్టిగా అన్నాడు. "కొండి చుట్టూ అంతా గాలించినా. చుక్కలుండాయి, అంతే. డాక్టరమ్మ అద్దం మీద మరకేమన్నా ఉందేమో చూడమనండి."

అతను అబద్ధం చెప్పలేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. నిజంగానే అతనికి ఏమీ కనిపించలేదు. కనిపించనందుకు అతనికి కలిగిన సంతోషం కూడా నిజమే. దాన్ని దాచుకోవడం అతనికి చేతకాలేదు.

హిమజ మెరక దిగి వచ్చింది. "ఓబుళేసన్నా, మరక కదలదు గదా. నేను గొట్టం కదిలించి చూశాను. అది చుక్కలతో పాటే జరిగింది. ఇంకొక్కసారి చూడన్నా. నువ్వు లేదంటే నేను లేనిది చెప్పినదాన్ని అవుతాను."

"లేనిది ఉందని నేనెట్ల చెప్పేదమ్మా?" అన్నాడు ఓబుళేసు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే అది చెప్పేటప్పుడు అతనికి అంత హాయిగా ఉంది.

సారు వాళ్లిద్దరి మధ్యకూ రాలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి ఓబుళేసు టెలిస్కోపు పక్కన, పడమరకు ముఖం పెట్టి వేశారు. "కూచో" అన్నారు. భుజం మీది తుండు తీసి, మడతలు పెట్టి, ఓబుళేసు కళ్లకు అడ్డంగా కట్టి వెనక ముడి వేశారు.

"ఏంది సార్ ఇది, దాగుడుమూతలా?"

"కన్ను అలిసిపోయింటాది. కాసేపుండు."

హిమజ మెరక ఎక్కి పోయింది. జనం ఆమె వెంటే పోయారు. సారు ఓబుళేసు వెనక నిలబడ్డారు.

కళ్లకు గంత కట్టగలిగారు గానీ కడుపుకు కట్టలేకపోయారు. చీకట్లో ఓబుళేసుకు అంతకుముందు కన్నా స్పష్టంగా కనిపించడం మొదలైంది. రేపటి సాయంత్రం కనిపించింది. మైకు దగ్గర డాక్టరమ్మ. చేతులు కట్టుకుని వింటున్న హెడ్మాస్టర్లు. చాపలు దులుపుతూ తాను. తెల్ల చొక్కా బీరువాలో. మెరక మీద ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. తన గురించే అనుకున్నాడు. దోమ కుట్టిందన్న సాకుతో తుండు పైకి జరిపి గిరుక్కున వెనక్కి చూశాడు. సుంకన్న బజ్జీ నములుతున్నాడు, అంతే.

సారు మందలించలేదు. తుండు మళ్లీ కళ్ల మీదికి లాగి, ముడి సరిచేసి, "అరగంట, మళ్లీ మొదట్నుంచి" అన్నారు.

కొండి పడమటి గుట్ట వైపు దిగుతోంది. మాకందరికీ ఆత్రంగా ఉంది. ఇంకాసేపు పోతే తోకచుక్క గుట్ట వెనక్కి పోతుంది, హిమజ మాట గాలికి పోతుంది. అది ఓబుళేసుకూ తెలుసు. ఆ ఆలోచన అతనికి చల్లగా తగిలిందని తర్వాత నాతో అన్నాడు. ఊరికే కూర్చుంటే చాలు. ఎవరూ తనను తప్పు పట్టరు. సారే కదా కూర్చోబెట్టింది.

మెరక మీద చప్పట్లు వినిపించాయి. ఒక పిల్ల ఉల్క రాలడం చూసిందట. అందుకు చప్పట్లు. ఓబుళేసు చెయ్యి దానంతట అదే లేచి తుండు ఎత్తింది, మెడ తిరిగింది, యార్డు దీపాలు కళ్లలో గుచ్చుకున్నాయి.

"మొదట్నుంచి" అన్నారు సారు.

మూడోసారి చెయ్యి లేచింది గానీ తుండు దాకా వచ్చి ఆగింది. అతను తల దించుకుని, వెనక నిలబడ్డ మనిషికి మాత్రమే వినిపించేలా అన్నాడు. "సార్, ఆ పొద్దు నాకు తెలిసినోడు అంటి గదా. వాడు నేనే."

"తెలుసులేప్పా. చెయ్యి దించు."

చెయ్యి దించాడు. ఆ తర్వాత కదల్లేదు. మంట తగ్గిందని కాదు. మెరక మీద నవ్వులు వినిపించినప్పుడల్లా మెడ నరాలు లాగాయి, వేళ్లు కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాయి. అయినా తిరగలేదు. ఎంతసేపైందో అతనికి తెలియలేదు. నాకు మాత్రం యుగంలా గడిచింది. ఆకాశంలో పాలపుంత నడినెత్తి మీదుగా విచ్చుకుంది, గాలి చల్లబడింది. ఎక్కడో కంచెలో తీతువు అరిచింది. అట్లాంటి రాత్రి చేతికి దొరికినప్పుడు మనిషి ఇంకో మనిషిని చూసి ఏడవడమెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. కానీ నేను కూడా ఆ పూట ఆకాశాన్ని వదిలేసి వాళ్లిద్దరినే చూస్తూ కూర్చున్నాను.

సారు తుండు విప్పారు. "తల తిప్పొద్దు. వంగు."

ఓబుళేసు వంగాడు. కొండి గుట్టకు బెత్తెడు పైన ఉంది. గొట్టాన్ని వేలి కొసతో జరిపాడు, ఆపాడు, మళ్లీ జరిపాడు. ఉన్నట్టుండి అతని చెయ్యి నిలిచిపోయింది. అక్కడ, చుక్కల నడుమ, పలక మీద సుద్ద చుక్కను చిటికెన వేలితో తుడిచినట్టు ఒక మసక. సూటిగా చూస్తే కరిగిపోతుంది, ఓరగా చూస్తే నిలుస్తుంది. ఎక్కడెక్కడి చలిలోనో తిరిగి తిరిగి సూర్యుడి దాకా వచ్చి మలుపు తిరుగుతున్న ఒక మంచుముద్ద. అది కనబడిన క్షణంలో ఓబుళేసుకు అంగడి గుర్తులేదు, మైకు గుర్తులేదు. మొదటిసారి సారు తన తల పట్టుకుని శనిని చూపించిన రోజున కలిగినట్టే ఒళ్లు జలదరించింది. అది ఎవరు ముందు చూశారన్నది కూడా ఆ క్షణంలో అతనికి లేదు.

తర్వాత గుర్తొచ్చింది.

వంగినవాడు లేవలేదు. సారుకు కనిపించదు. గొట్టంలో ఏముందో తనకు తప్ప ఈ నేల మీద ఎవరికీ తెలియదు. "లేదు సార్" అనే రెండు మాటలు నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయి. ఇంతకుముందు అవే మాటలు నిజంగా అన్నాడు, ఇప్పుడు అదే గొంతుతో మళ్లీ అంటే పట్టుకునేవాడు లేడు. గుట్ట ఇంకాస్త మీదికి వచ్చింది. తాను ఏమీ అనకపోయినా చాలు, గుట్టే చూసుకుంటుంది. సారు అడగలేదు, దగ్గలేదు, కదల్లేదు.

"సార్" అన్నాడు ఆఖరికి, కన్ను తీయకుండానే. "కొండి చివరి చుక్క దాటినాక చిన్న చుక్కలు రెండు పక్కపక్కన ఉంటాయి గదా. వాటి నడిమి నుంచి రవ్వంత కిందికి. ఉంది సార్. డాక్టరమ్మ చెప్పింది నిజమే."

సారు మెరక వైపు తిరిగి గట్టిగా పిలిచారు. "హిమజమ్మా, అదే చోటు!"

ఒక్కసారిగా కేకలు లేచాయి. హిమజ రాళ్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చి ఓబుళేసు రెండు చేతులూ పట్టుకుంది. "అన్నా, నువ్వు చూసినావు, నాకంతే చాలు" అంది. ఏడ్చేసింది కూడా. ఇంతలో జనం వచ్చి ఆమెను చుట్టేశారు. ఆటో ఎవరు మాట్లాడాలి, మైకులో ఏం చెప్పాలి, రేపు ఆమె ఎక్కడ నిలబడాలి అని తలా ఒక మాట అంటూ ఆమెను మెరక మీదికి తీసుకుపోయారు. చోటు సరిగ్గా చెప్పిన రెండో సాక్షిని ఒక్కరూ అభినందించలేదు. సుంకన్న ఒక బజ్జీ తెచ్చి అతని చేతిలో పెట్టి పోయాడు, అంతే.

ఓబుళేసు చల్లారిన బజ్జీ పట్టుకుని నిలబడ్డాడు. తల తిప్పి మెరక వైపు చూశాడు. ఎంతసేపటి నుంచో ఆపుకున్న చూపు కాబట్టి ఆకలిగా చూశాడు. కడుపులో మంట మళ్లీ భగ్గున లేచింది, పిసరంత కూడా తగ్గలేదు. అతనికి భయమేసింది.

"సార్, నిజమే చెప్తి గదా? నా నోటితోనే చెప్తి. అయినా చూడండి, ఆమె పక్క చూస్తే ఇంకా అట్లే మండుతాంది. ఇది పోదా సార్?"

సారు కుర్చీ మీద పడి ఉన్న తుండు తీసుకుని దులిపి తన భుజం మీద వేసుకున్నారు. పడమట గుట్ట మీద కొండి చివరి చుక్క ఆరిపోయేదాకా చూసి, ఊరి దారి పట్టబోతూ ఆగారు.

"రేపు తుండు నువ్వే తెచ్చుకో" అన్నారు.